రెండో త్రిభుజాన్ని దాచిపెట్టిన యాప్: మూడు స్టార్లు

పంతొమ్మిదేళ్లుగా కాలేజీ పిల్లలకి త్రికోణమితి చెప్తున్నాను. సందిగ్ధ సందర్భం, అంటే ఇచ్చిన కొలతలకి రెండు త్రిభుజాలు సరిపోయే పరిస్థితి, అనే పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద పెద్దక్షరాలతో ఒకటే మాట రాస్తాను: "రెండు భుజాలూ, వాటి మధ్యలో లేని కోణమూ ఇస్తే తొందరపడకండి." అలాంటిది ఒక సాయంత్రం నేనే తొందరపడి, మా మరిది చేత కాంక్రీటులో నాలుగు బెజ్జాలు తప్పు చోట వేయించాను. ఈ రివ్యూ ఆ బెజ్జాల పుణ్యమే.

రివ్యూ దేని గురించంటే, ఫోన్లో త్రిభుజాల లెక్కలు చేసి పెట్టే యాప్ గురించి. తెలిసిన మూడు కొలతలు ఇస్తే మిగిలిన మూడూ చెప్తుంది. పేరు రాయను. ఇలాంటివి వెతికితే డజను కనిపిస్తాయి, ఇదే జబ్బు ఇంకో రెండిటిలో కూడా చూశాను. అందుకే నేను ఏ ఏ లెక్కలు ఇచ్చి పరీక్షించానో కింద చెప్తున్నాను. మీ ఫోన్లో ఉన్నదానికి మీరే ఆ లెక్కలిచ్చి చూసుకోండి.

ముందు బెజ్జాల సంగతి.

మా మరిది ఇనుప పనులు చేస్తాడు. గ్రిల్స్, గేట్లు, పిల్లల పార్కుల్లో పెట్టే ఊయలలు, అలాంటివి. ఆ రోజు జారుడు బల్ల ఒకటి చేస్తున్నాడు. బల్ల పొడవు 10 అడుగులు, నేలతో 30 డిగ్రీల వాలు. పై కొస కింద ఊతంగా పెట్టడానికి 6 అడుగుల పైపు ముక్క తన దగ్గర ఉంది. దాన్ని కోసి వృథా చేయడం ఇష్టం లేదు. "వదినా, బల్ల కింది కొస నుంచి ఎంత దూరంలో ఈ కాలు నేలకి ఆనుతుందో చెప్పండి, బేస్ ప్లేటుకి డ్రిల్ వేస్తాను" అని ఫోన్ చేశాడు. నా ఒళ్లో నలభై పేపర్ల కట్ట, చేతిలో ఎర్ర పెన్ను. పెన్ను పక్కన పెట్టి యాప్ తెరిచాను. కోణం 30, పక్క భుజం 10, ఎదుటి భుజం 6. మీట నొక్కాను. మూడో భుజం 11.98 అని వచ్చింది. "పన్నెండు అడుగులకి పావంగుళం తక్కువ" అని చెప్పి మళ్లీ పేపర్లలో పడ్డాను.

గంట తర్వాత మళ్లీ ఫోన్. "వదినా, మీరు చెప్పిన చోట డ్రిల్ వేశాను. కొలత సరిగ్గానే సరిపోయింది. కానీ కాలు మెట్ల మధ్యలోకి వస్తోంది. పిల్లలు ఎక్కేదెట్లా?"

అప్పటికీ నాకు వెలగలేదు. తనే అన్నాడు: "బోల్టు పైన బిగించి పైపు వేలాడదీస్తే అటు పెట్టినా నేలకి ఆనుతోంది, ఇటు పెట్టినా ఆనుతోంది. లోపలి వైపు కొలిస్తే అయిదడుగుల నాలుగంగుళాలు వచ్చింది. ఇది కూడా కరెక్టేనా?"

కరెక్టే! లోపలి వైపుదే కరెక్టు. పదో తరగతితో చదువు మానేసిన మనిషి పైపు అటూ ఇటూ కదిపి చూసి పాఠం మొత్తం చెప్పేశాడు. నేనేమో యాప్ చూపించిన ఒక్క అంకె చదివాను. నిజానికి తప్పులో సగం నాది, కాదనను. మిగతా సగం మాత్రం ఆ యాప్‌దే, దాన్ని వదిలే ప్రసక్తి లేదు.

ఏం జరిగిందో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే యాప్ బాగోగులు దీన్ని బట్టే తెలుస్తాయి. బల్ల పై కొస నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది? 10ని 30 డిగ్రీల సైన్‌తో గుణిస్తే 5 అడుగులు. పైపు 6 అడుగులు. అంటే నిటారుగా నిలబెట్టాలంటే పొడవెక్కువ, కాబట్టి ఏటవాలుగానే పెట్టాలి. బయటికి వాల్చవచ్చు, లోపలికీ వాల్చవచ్చు. రెండు వైపులా ఒకటే వాలు. సైన్ సూత్రంతో (ఏ భుజాన్నయినా దాని ఎదుటి కోణం సైన్‌తో భాగిస్తే ఒకటే విలువ వస్తుందనేది) లెక్క వేస్తే, తెలియని కోణం సైన్ 10 ఇంటూ 0.5 బై 6, అంటే 0.8333. క్యాలిక్యులేటర్లో సైన్ ఇన్వర్స్ నొక్కితే 56.44 డిగ్రీలు ఇస్తుంది. 180 లోంచి దాన్ని తీసేస్తే వచ్చే 123.56 డిగ్రీల సైన్ కూడా సరిగ్గా 0.8333యే. సైన్ ఇన్వర్స్ మీట మాత్రం మైనస్ 90 నుంచి 90 దాకా ఉన్న కోణాలే చెప్తుంది. అధికకోణం దాని నోట ఎప్పటికీ రాదు. మీటని తప్పు పట్టలేం, దాని కట్టుబాటే అంత. ఆ మీటని నమ్ముకుని యాప్ రాసినవాళ్లు రెండో కోణాన్ని తామే గుర్తుపెట్టుకుని కలపాలి. వీళ్లు కలపలేదు.

మొదటి కోణంతో మూడో భుజం 11.98, రెండో కోణంతో 5.34. రెండు త్రిభుజాలూ నిజమైనవే, రెండిటిలోనూ 10, 6, 30 డిగ్రీలు తు.చ. తప్పకుండా ఉన్నాయి. ఇంకో విచిత్రం: రెండిటి పరివృత్తాలూ, అంటే మూడు మూలల గుండా పోయే వృత్తాలూ, సమానం. 6ని సైన్ 30తో భాగిస్తే వచ్చే 12, ఆ వృత్తాల వ్యాసం. వైశాల్యాలు మాత్రం 29.94, 13.36. ఒకటి రెండో దానికి రెట్టింపు కన్నా ఎక్కువ! ఇంత తేడా ఉన్న రెండు జవాబుల్లో ఒకదాన్ని మాట మాత్రం చెప్పకుండా మింగేయడం చిన్న లోపమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఆ రాత్రి కోపంగా యాప్ తయారుచేసిన వాళ్లకి రాశాను. అంకెలు, బొమ్మ, మా మరిది పంపిన ఫోటో, అన్నీ పెట్టాను. మూడు వారాల తర్వాత కొత్త వెర్షన్ వచ్చింది. అందులో "2 పరిష్కారాలు" అని కనిపించింది. అది మెచ్చుకోవాల్సిన విషయమే, అందుకే ఒక స్టారు వేస్తానన్న దాన్ని మూడు చేశాను. మిగతా రెండు ఎందుకు ఇవ్వలేదంటే, పాత వెర్షన్‌కీ కొత్త వెర్షన్‌కీ నేను పెట్టిన పరీక్షలు చూడండి.

మొదటిది ఎదుటి భుజం మరీ పొట్టిగా ఉన్నప్పుడు. అదే 30 డిగ్రీలు, అదే 10, ఎదుటి భుజం 4. అయిదడుగుల ఎత్తు నుంచి నాలుగడుగుల పైపు నేలకి ఎలా అందుతుంది? త్రిభుజమే లేదు. పాత వెర్షన్ "లోపం" అని ఎర్రగా చూపించి ఊరుకునేది. నేను అంకెలు తప్పు కొట్టానా, యాప్ చెడిపోయిందా, త్రిభుజం లేదా, ఏదీ తెలియదు. కొత్తది "ఎదుటి భుజం కనీసం 5 ఉండాలి" అని చెప్తోంది. ఈ ఒక్క వాక్యం నాకు బాగా నచ్చింది. పిల్లవాడికి కావలసింది అదే.

తర్వాత ఎదుటి భుజం 12. ఇక్కడ రెండో కోణం 155.38 వస్తుంది. దానికి 30 కలిపితే 180 దాటిపోతుంది కాబట్టి చెల్లదు. ఒకటే త్రిభుజం, మూడో భుజం 19.57. రెండు వెర్షన్లూ పాసయ్యాయి. పాత దానికి రెండో కోణం సంగతే తెలియదు కాబట్టి పాసవడంలో దాని గొప్పేమీ లేదనుకోండి.

అసలు తమాషా అధికకోణం ఇచ్చినప్పుడు జరిగింది. కోణం 120, పక్క భుజం 10, ఎదుటి భుజం 9. అధికకోణానికి ఎదురుగా ఉన్న భుజమే త్రిభుజంలో అన్నిటికన్నా పెద్దది కావాలి. 9 కన్నా 10 పెద్దది, కాబట్టి ఇక్కడ త్రిభుజం పుట్టదు. కానీ సైన్ లెక్క వేస్తే 0.9623 వస్తుంది, ఒకటి కన్నా తక్కువే. యాప్ దాన్ని చూసి సంబరపడి 74.21 డిగ్రీలు అంది. మూడో కోణం మైనస్ 14.21 డిగ్రీలు. మూడో భుజం మైనస్ 2.55! పక్కన చక్కని త్రిభుజం బొమ్మ కూడా గీసింది. ఆ స్క్రీన్‌షాట్ క్లాసులో చూపిస్తే వెనక బెంచీ నుంచి ఒకడు "మేడమ్, మైనస్ పొడవు గోడ కట్టాలంటే ఉన్న గోడే పడగొట్టాలి" అన్నాడు. కొత్త వెర్షన్లో ఇది సరిచేశారు. బొమ్మ మాత్రం ఇంకా వస్తోంది, "త్రిభుజం లేదు" అనే మాట కింద ఒక త్రిభుజం.

బొమ్మల గురించి వచ్చింది కాబట్టి చెప్తాను. పాత వెర్షన్లో బొమ్మ ఒకటే అచ్చు. ఏ కొలతలు ఇచ్చినా అల్పకోణ త్రిభుజమే గీసి, దాని పక్కన అంకెలు మాత్రం మార్చేది. ఆ రోజు 11.98 కొలతకి తగ్గట్టు నిజమైన బొమ్మ కనిపించి ఉంటే, కాలు బయటికి వాలడం చూసి "ఇదేంటి, మెట్ల వైపు వెళ్తోందే" అని నాకు తట్టేది. అంకె పొరపాటుని కన్ను పట్టలేదు, బొమ్మ పొరపాటుని ఇట్టే పడుతుంది. కొత్త వెర్షన్లో కొలతలకి తగ్గ బొమ్మే వస్తోంది. ఆ పైన చెప్పిన "లేని త్రిభుజం" ఒక్కటే మినహాయింపు.

అందరూ మర్చిపోయే పరీక్ష ఇంకొకటి ఉంది. రెండు భుజాలు, మధ్య కోణం ఇస్తే, అంటే పిల్లలు భు-కో-భు అనేదాంట్లో, త్రిభుజం ఒకటే కదా, అక్కడ ఏ సందిగ్ధమూ లేదు కదా అనుకుంటాం. నిజమే. కానీ కొసైన్ సూత్రంతో మూడో భుజం తెచ్చుకున్నాక, కోణం కోసం మళ్లీ సైన్ ఇన్వర్స్ నొక్కితే అదే గోతిలో పడతాం. భుజాలు 3, 7, మధ్య కోణం 38.21 డిగ్రీలు ఇచ్చి చూడండి. మూడో భుజం 5. ఇప్పుడు 7కి ఎదురుగా ఉన్న కోణం ఎంత? సైన్ ఇన్వర్స్ 60 అంటుంది. నిజం 120. ఈ యాప్ 120 అనే చెప్పింది, పాత వెర్షన్లో కూడా. అంటే ఎవరో జాగ్రత్తపరుడే రాశాడు. మరి ఇక్కడ జాగ్రత్త పడినవాడు అక్కడ ఎలా మర్చిపోయాడో నాకు అర్థం కాలేదు. ఇద్దరు మనుషులు చెరో సగం రాశారేమో.

నన్నడిగితే, ఇలాంటి యాప్ భు-భు-కో లెక్కకి, అంటే రెండు భుజాలూ మధ్యలో లేని కోణమూ ఇచ్చేదానికి, సైన్ సూత్రం దగ్గరికి పోకుండా ఉండటమే మంచిది. కొసైన్ సూత్రంలో తెలియని భుజాన్ని చరరాశిగా పెడితే వర్గ సమీకరణం వస్తుంది. జారుడు బల్లకి దాని మూలాల మొత్తం 17.32, లబ్ధం 100లోంచి 36 తీస్తే 64. మూలాలు 8.66కి ఇటూ అటూ 3.32 దూరంలో ఉంటాయి: 5.34, 11.98. ఆ 8.66 ఏమిటో తెలుసా? బల్ల పై కొస నుంచి తాడు వదిలితే నేలని తాకే చోటు. 3.32 అంటే అక్కడి నుంచి కాలు ఎంత దూరం జరిగిందన్నది. సమీకరణం చేసే పని, మా మరిది పైపుతో చేసిన పని ఒకటే. విచక్షణి (మూలాల సూత్రంలో వర్గమూలం గుర్తు కింద ఉండేది) రుణాత్మకమైతే పైపు అందదు. సున్నా అయితే నిటారుగా ఒకే చోట ఆనుతుంది. ధనాత్మకమైతే రెండు మూలాల్లో ఎన్ని ధనాత్మకమో లెక్కపెట్టుకోవడమే. ఎదుటి భుజం 12 ఇచ్చినప్పుడు రెండో మూలం మైనస్ 2.25 వస్తుంది, దాన్ని పక్కన పడేస్తాం. ఏ నియమాల పట్టికా బట్టీ పట్టక్కర్లేదు. నా క్లాసులో ఈ దారే చెప్తాను. "ఇందులో లెక్క ఎక్కువ మేడమ్" అని మూలుగుతారు, మూలగనీ.

ఇప్పుడు కొత్త వెర్షన్లో నాకు ఏడుపు తెప్పించేది. "2 పరిష్కారాలు" అన్నాను కదా, అవి రెండూ పక్కపక్కనే కనబడవు. మొదటిది తెర నిండా ఉంటుంది. రెండో దాని కోసం కుడి పక్కన ఆవగింజంత బాణం గుర్తు నొక్కాలి. మొదట చూపించేది ఎప్పుడూ అల్పకోణం వచ్చేదే. అంటే ఆ సాయంత్రం నా చేతిలో కొత్త వెర్షన్ ఉన్నా, పేపర్ల హడావుడిలో మళ్లీ 11.98 అనే చెప్పి ఉండేదాన్ని. రెండు జవాబులు ఉన్నప్పుడు ఏది కావాలో యాప్‌కి తెలియదు, తెలిసే దారీ లేదు. ఇచ్చిన మూడు అంకెల్లో ఆ సమాచారమే లేదు. మెట్లు ఎటువైపు ఉన్నాయో చెప్పేది నేలమీద ఉన్న మనిషే. అలాంటప్పుడు రెండు బొమ్మలూ సమానంగా చూపించి "మీది ఏది?" అని ఆగాలి. తనే ఒకదాన్ని ముందుకు తోయకూడదు.

యాప్‌లో నాకు బాగా నచ్చినది మాత్రం ఊగే భుజం. తెర మీద ఎదుటి భుజాన్ని వేలితో పొడవు పెంచుతూ తగ్గిస్తూ చూడొచ్చు. పై కొసలో వృత్తలేఖిని ముల్లు గుచ్చి చాపం గీసినట్టు ఒక గీత తిరుగుతుంది. భుజం పొట్టిగా ఉంటే చాపం గాల్లోనే ఆగిపోతుంది. 5 దగ్గర నేలని ఒక్క బిందువులో ముద్దాడుతుంది. ఇంకాస్త పెంచితే ఆ బిందువు రెండుగా చీలి చెరోవైపు పరిగెడతాయి. 10 దగ్గరికి వచ్చేసరికి లోపలి బిందువు బల్ల కింది కొసని చేరుతుంది, త్రిభుజం నలిగి గీతైపోతుంది. ఇంకా పెంచితే ఆ బిందువు కొస దాటి అవతలికి పోతుంది, ఇక అది మన త్రిభుజం కాదు. సున్నా, ఒకటి, రెండు, మళ్లీ ఒకటి. నేను బోర్డు మీద నాలుగు వేర్వేరు బొమ్మలు గీసి, సుద్దముక్క అరిగిపోయేదాకా చెప్పేది ఇక్కడ ఒక్క వేలి కదలికలో ఉంది. ఈ తెరని ప్రొజెక్టర్ మీద పెట్టి క్లాసులో చూపించాను. లంబకోణానికి కూడా పెట్టి చూశాం. అక్కడ చాపం నేలని రెండు చోట్ల తాకినా, రెండు త్రిభుజాలూ అద్దంలో ప్రతిబింబాల్లా ఒకటే. ఒక అమ్మాయి లేచి, "మేడమ్, అందుకేనా లం-క-భు సర్వసమానం అవుతుంది, భు-భు-కో అవదు?" అంది. లం-క-భు అంటే లంబకోణం, కర్ణం, భుజం. అచ్చంగా అందుకే. ఇన్నేళ్లలో ఈ ప్రశ్న ఎవరైనా తమంతట తాము అడగడం అదే మొదటిసారి.

ఈ సంగతి యూక్లిడ్‌కీ తెలుసు. ఆయన గ్రంథం ఆరో భాగంలో ఏడో ప్రతిపాదన సరూప త్రిభుజాల గురించి ఇదే జాగ్రత్త చెప్తుంది: మధ్యలో లేని కోణం సమానమైతే చాలదు, ఇంకో కోణం రెండు త్రిభుజాల్లోనూ లంబకోణం కన్నా చిన్నదా కాదా అనేది కూడా కలవాలి. రెండు వేల ఏళ్లు దాటిన షరతు ఒక యాప్ మర్చిపోయిందన్నమాట.

ఊగే భుజంతో ఆడుతుంటే ఒక పురుగు, అదే బగ్, దొరికింది. కోణం 30, పక్క భుజం 10, ఎదుటి భుజం సరిగ్గా 5 ఇవ్వండి. ఒకే ఒక లంబకోణ త్రిభుజం రావాలి. యాప్ "2 పరిష్కారాలు" అంటుంది. మొదటి దాంట్లో కోణం 90.00, మూడో భుజం 8.66. ఆవగింజ నొక్కితే రెండోది: కోణం 90.00, మూడో భుజం 8.66. కవలలు! కారణం చిన్నదే. కంప్యూటర్ 30 డిగ్రీలని రేడియన్లలోకి (కోణాలకి ఇంకో కొలమానం) మార్చేటప్పుడు π విలువని కొన్ని అంకెల దాకే ఉంచుకుంటుంది. అందుకని సైన్ 30 అడిగితే మామూలుగా 0.5 రాదు, 0.49999999999999994 వస్తుంది. ఎత్తు 5 కన్నా వెంట్రుకవాసి తక్కువైంది కాబట్టి, ఎదుటి భుజం ఎత్తు కన్నా ఎక్కువుందని యాప్ నమ్మేసి రెండు త్రిభుజాలు కట్టింది. ఎత్తుకీ భుజానికీ తేడా ఇంతకన్నా తక్కువుంటే సమానమనుకో అని ఒక చిన్న హద్దు పెడితే పోయేది.

అయితే ఆ చోట అసలే ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి, యాప్ ఉన్నా లేకపోయినా. భుజాన్ని 5 నుంచి 5.01కి పెంచండి చాలు, నూరో వంతు. రెండు బిందువులు 8.34, 8.98 దగ్గరికి చీలిపోతాయి, వాటి మధ్య దూరం 0.63. టేపు పట్టుకునే చేతిలో అడుగులో నూరో వంతు పొరపాటు రావడం ఎంతసేపు? అది నేలమీద అరవై రెట్లకి పైగా పెరిగి కనిపిస్తుంది. "ఊతం దాదాపు నిటారుగా వచ్చేట్టుంటే లెక్క మీద డ్రిల్ వేయకు, నిలబెట్టి గుర్తు పెట్టుకో" అని మా మరిదికి చెప్పాను. "నేనెప్పుడూ అంతే కదా వదినా, మొన్న ఒక్కసారే మిమ్మల్ని అడిగాను" అన్నాడు.

సాధన లెక్కలు రెండు డజన్లున్నాయి. ఎక్కువభాగం చప్పనివే, స్తంభాలు, నిచ్చెనలు. ఒక్కటి మాత్రం బంగారం: శుక్రగ్రహం లెక్క. సూర్యుడు, భూమి, శుక్రుడు, ఈ మూడూ కలిపితే త్రిభుజం. సూర్యుడికీ భూమికీ దూరం 1 అనుకుంటే, సూర్యుడికీ శుక్రుడికీ 0.723. ఆకాశంలో సూర్యుడికి 40 డిగ్రీల పక్కగా శుక్రుడు కనిపించాడు. మన నుంచి ఎంత దూరం? ఎదుటి భుజం పక్క భుజం కన్నా చిన్నది, ఎత్తు కన్నా పెద్దది. కాబట్టి రెండు జవాబులు: 1.097, 0.435. సుమారు 16.4 కోట్ల కిలోమీటర్లు, లేదా 6.5 కోట్ల కిలోమీటర్లు. కోణం ఒక్కటే కొలిస్తే ఏది నిజమో తేలదు. కానీ శుక్రుడి దగ్గర ఏర్పడే ఆ తెలియని కోణమే, ఆ 62.76 లేదా 117.24, శుక్రుడి కళని నిర్ణయిస్తుంది. అల్పకోణమైతే సగానికి పైగా, సుమారు 73 శాతం వెలుగుతుంటాడు. అధికకోణమైతే 27 శాతం, అంటే నెలవంక. దగ్గరి శుక్రుడు దూరపు శుక్రుడి కన్నా రెండున్నర రెట్లు పెద్దగానూ ఉంటాడు. 1610లో గెలీలియో దూరదర్శినిలో శుక్రుడి కళలు చూడటం మొదలుపెట్టాక ఈ రెండిటినీ కంటితోనే వేరుచేయడం సాధ్యమైంది. కాలు మెట్ల వైపా లోపలి వైపా అన్నదే ప్రశ్న, మెట్ల బదులు ఇక్కడ నెలవంక ఉంది. అంగారకుడికి ఈ బెడద లేదు. వాడు సూర్యుడికి 1.524 దూరంలో ఉన్నాడు, ఎదుటి భుజమే పెద్దది, జవాబు ఒకటే.

ఇంత మంచి లెక్క పెట్టినవాళ్లు దాని కింద జవాబుగా ఏమిచ్చారో చూడండి: "1.097." అంతే! కొత్త వెర్షన్లో కూడా. లెక్కలు చేసే భాగాన్ని బాగుచేసి, జవాబుల పట్టికని పాత దాని నుంచే ఎత్తి పెట్టినట్టున్నారు.

తెలుగు తెర గురించి కూడా రెండు ముక్కలు. సెట్టింగ్స్‌లో తెలుగు పెట్టుకోవచ్చు, సంతోషం. కానీ సందిగ్ధ సందర్భాన్ని "అనుమానాస్పద కేసు" అని రాశారు. మొదటిసారి చూసి పోలీసులు వస్తారేమోనని భయమేసింది. సాయం పేజీలో "రెండు భుజాలు, ఒక కోణం ఇచ్చిన ప్రతిసారీ రెండు త్రిభుజాలు వస్తాయి" అని ఉంది, అది పూర్తిగా తప్పు. పిల్లలు ఆ పేజీ చదవకుండా ఉంటేనే మేలు. అప్‌డేట్ అయిన ప్రతిసారీ డిగ్రీలు పోయి రేడియన్లలోకి మారిపోతోంది. 30 రేడియన్ల కోణం అంటే ఏమిటో కూడా అడగకుండా, లెక్క చేసి "త్రిభుజం లేదు" అంటుంది. ప్రకటనలు వస్తాయి గానీ లెక్క మధ్యలో అడ్డురావు.

ఎవరికి పనికొస్తుంది? పాఠం చెప్పేవాళ్లకి ఊగే భుజం కోసం తప్పకుండా. పిల్లలకి, పక్కన పెద్దవాళ్లుంటే. సైటులో నిలబడి ఒక్క అంకె కోసం తెరిచేవాళ్లు మాత్రం ఆవగింజ బాణం గుర్తుపెట్టుకుని నొక్కాలి, లేకపోతే నాలాగే అవుతుంది.

90.00, 90.00 కవలల స్క్రీన్‌షాటూ, శుక్రుడి జవాబూ, సాయం పేజీలో తప్పూ కలిపి నిన్న మళ్లీ పంపాను. పది నిమిషాల్లో జవాబొచ్చింది: పరిశీలిస్తామన్నారు, ఈలోగా అయిదు స్టార్లు ఇమ్మని అడిగారు. మూడే ఇచ్చాను. బెజ్జాల్లో మా మరిది సిమెంటు నింపేశాడు. నాలుగిట్లో ఒకటి ఇంకా తెల్లగా కనిపిస్తుంది, మెట్లెక్కే పిల్లలు దాని మీద కాలు పెట్టి మరీ ఎక్కుతున్నారట.